ఎండ మాకుంది, మజిలీ కావాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

పాఠకుల లేఖ కింద పేరుతో పాటు పూర్తి చిరునామా ఉండాలని పత్రికలు కోరుతాయి. అది న్యాయమైన నియమమే. అయితే మూడేళ్లుగా నేనూ నా భార్యా తలుపు నంబరు ఉన్న ఇంట్లో ఉండటం లేదు. బెంగళూరు పీణ్యాలోని ఒక కర్మాగారంలో 31 ఏళ్లు ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేసి పదవీ విరమణ పొందాక, కృష్ణరాజపురంలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి, వంటగట్టు, పడక, మరుగుదొడ్డి ఉన్న కారవాన్‌లోకి మారాం. పిల్లలు స్థిరపడ్డారు, మదనపల్లెలోని పెద్దల ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో పోయింది, నెలనెలా అద్దె కట్టి ఒకేచోట కూర్చోవడం కంటే ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం దేశం చూస్తూ బతుకుదామని ఇద్దరం అనుకున్నాం. మీ పత్రికను కూడా ఆ పూట ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి బస్టాండులో కొని చదువుతాం. ఈ లేఖ హోసకోట దగ్గర, రోడ్డుపక్క ఒక చింతచెట్టుకు ఇరవై అడుగుల దూరంలో బండి నిలిపి రాస్తున్నాను. చెట్టు నీడకు పోకుండా అంత ఎడంగా ఎందుకు నిలిపానో కింద చెబుతాను.

కారవాన్ అనే మాట వార్తల్లో వచ్చినప్పుడల్లా అది పర్యాటకం గురించే వస్తుంది. కేంద్ర పర్యాటక శాఖ 2010 ప్రాంతంలో కారవాన్ పార్కుల విధానం తెచ్చింది. కేరళ ప్రభుత్వం 2021లో ప్రత్యేకంగా కారవాన్ పర్యాటక విధానం ప్రకటించి, వాగమన్ కొండల మీద పార్కు కూడా తెరిపించింది. ఇవన్నీ మంచి పనులే. కాని ఆ విధానాలు రెండు రాత్రులు సరదాగా గడపడానికి వచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. బండినే ఇల్లు చేసుకుని ఏడాది పొడవునా అందులోనే వండుకుని, అందులోనే పడుకునే మావంటి వారు వాటిలో ఎక్కడా కనపడరు. మాకు కరెంటు అక్కరలేదు, అది సూర్యుడు ఇస్తున్నాడు. సూర్యుడు ఇవ్వలేనివి మూడున్నాయి: రాత్రికి నిలిపే చోటు, ఒక కొళాయి, మరుగుదొడ్డి పెట్టెను శుభ్రంగా ఖాళీ చేసే గొట్టం. ఈ మూడింటి కోసమే ఈ లేఖ.

కరెంటు సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే చూసినవారందరూ మొదట అడిగేది అదే, నమ్మనిదీ అదే. మా బండి పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు మూడు ఉన్నాయి. సీటు కింద 25.6 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంది, అంటే నిండా చార్జి అయితే ఐదు యూనిట్ల పైచిలుకు కరెంటు నిలవ ఉంటుంది. పాతకాలపు ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయువు తగ్గిపోతుంది, దీనిని నూటికి ఎనభై తొంభై వంతుల దాకా వాడుకోవచ్చు. మా ఖర్చు రోజుకు దాదాపు మూడు యూనిట్లు. ఫ్రిజ్ ముప్పాతిక యూనిట్ పైన తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు రెండు రాత్రంతా తిరిగితే అర యూనిట్ దాటుతుంది, ఇండక్షన్ పొయ్యి మీద రెండు పూటలా వంటకు ఒకటిన్నర దాకా పోతుంది, మిగిలింది దీపాలకు, ఫోన్లకు, నీళ్ల మోటారుకు. ఏసీ పెట్టుకోలేదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు చుట్టుపక్కల దాని అవసరం అంతగా రాదు, ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ వైపు బండి తిప్పం.

సోలార్ అంటే ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. ప్యానెళ్ల శక్తిని 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు, ఆపైన వేడెక్కే ప్రతి డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున కరెంటు తగ్గుతుంది. మండు వేసవిలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే నూటికి 14 వంతులు అలా పోయినట్టే. జనవరి, ఫిబ్రవరిలో, గాలి చల్లగా ఉండి ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో, పగలు ఒంటిగంటకు మీటరు మీద కనిపించే అంకె చూస్తే నాకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది.

నీడ మాట కూడా చెప్పాలి. ప్యానెల్‌లోని కణాలు పూసల దండలా ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. ఒక పూస దగ్గర దారం బిగిస్తే ఎలాగో, ఒక కణం మీద నీడ పడితే దాని వరుసంతా కుంటుపడుతుంది. ఒకసారి కోలారు బైపాసు దగ్గర బండి నిలిపినప్పుడు పదకొండు గంటల వేళ మీటరు 31 ఆంపియర్లు చూపుతూ ఉన్నట్టుండి 19కి పడిపోయింది. మబ్బు లేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే, పక్కనే ఉన్న వీధిదీపం స్తంభం నీడ చేతికర్ర వెడల్పున రెండు ప్యానెళ్లకు అడ్డంగా పడి ఉంది. బండిని నాలుగు అడుగులు ముందుకు జరిపితే అంకె మళ్లీ 31కి వచ్చింది. అప్పటినుంచి నా భార్య బండి ఎక్కడ నిలపాలన్నా ముందు దిగి, స్తంభాలూ కొమ్మలూ ఎటు ఉన్నాయో చూసి చేయి ఊపుతుంది. పొద్దున్నే తడిగుడ్డతో ప్యానెళ్లు తుడవడం కూడా ఆమె తన పనిగా పెట్టుకుంది. మనుషులకు నీడ కావాలి, ప్యానెళ్లకు ఎండ కావాలి. అందుకే చింతచెట్టుకు దూరంగా బండి, చెట్టు కింద మడతకుర్చీలు.

వానాకాలం ఇంత తేలిక కాదు. జూలై, ఆగస్టు నెలల్లో బెంగళూరు మబ్బుల కింద రోజుకు రెండు, రెండున్నర యూనిట్లకు మించి రావు. బంగాళాఖాతంలో వాయుగుండం పడి నవంబరులో ముసురు పట్టిందంటే ఒక యూనిట్ రావడమే గగనం. అప్పుడు ఇండక్షన్ పొయ్యి మూసేసి ఐదు కిలోల గ్యాస్ సిలిండరు వాడతాం, ఫ్యాన్ ఒకటే తిప్పుతాం, మరీ తగ్గితే బండి గంటన్నర నడిపి ఇంజను ఆల్టర్నేటరు నుంచి ఒక యూనిట్ ఎక్కించుకుంటాం. బండి చక్రాలు తిరిగేది డీజిలుతోనే. నెలకు 300, 400 కిలోమీటర్లకు మించి తిరగం కాబట్టి 40 లీటర్ల లోపే సరిపోతుంది. అది కూడా లేకుండా నడుస్తున్నామని చెప్పుకోవడం నిజం కాదు.

ఇంటి కరెంటు మీద ప్రభుత్వాలు ఎంతో ఖర్చు పెడుతున్నాయి. కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇస్తున్నారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకునే ఇంటికి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. వీటికి సొంత పైకప్పో, కరెంటు మీటరో ఉండాలి కనుక మాకు ఇవేవీ వర్తించవు, వర్తించాలని అడగడమూ లేదు. మూడు ప్యానెళ్లకూ, బ్యాటరీకీ, ఇన్వర్టరుకూ కలిపి రెండున్నర లక్షల పైన మా పదవీ విరమణ సొమ్ములోంచే పెట్టుకున్నాం. ఒక్క విషయం మాత్రం ప్రభుత్వాల దృష్టికి తేవాలి. నిరుడు తుమకూరు జిల్లా పావగడ వెళ్లాం. అక్కడ 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. రైతులు భూములు అమ్ముకోకుండా, మొదట్లో ఎకరాకు ఏటా 21,000 రూపాయల కౌలుకు ఇచ్చారు. పావగడలో ఇంటింటా తెలుగే వినపడుతుంది. టీకొట్టు దగ్గర ఒక రైతు మా బండి పైకి చూసి, "ఏం సార్, మాకాడ ఇంత భూమి దీనికే ఇచ్చినామే, మీది నెత్తిమీదే పట్టిందే!" అని ఆశ్చర్యపోయారు. ఆ పార్కు అవసరాన్ని నేను తక్కువ చేయను, నగరాలకు కరెంటు అక్కడినుంచే రావాలి. కాని ఒక్క సెంటు భూమి అడగకుండా, ఒక్క స్తంభం వేయించుకోకుండా తన కరెంటు తానే చేసుకునే ఇంటికి రాత్రి నిలవడానికి కాస్త చోటు ఇవ్వడం ప్రభుత్వానికి భారం కాదని ఆ మాట విన్నాక గట్టిగా అనిపించింది.

ఇక నీళ్లు. మా ట్యాంకు 150 లీటర్లు, ఇద్దరికీ మూడు రోజులు వస్తుంది. అంటే మనిషికి రోజుకు 25 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమన్నది ప్రభుత్వ ప్రమాణం. వంద కిలోమీటర్ల దూరం నుంచి కావేరి నీళ్లు ఎక్కించుకుంటూ, 2024 మార్చిలో ట్యాంకర్ల కోసం పడిగాపులు పడిన బెంగళూరు నగరానికి ఈ లెక్క ఊరకనే చెప్పడం లేదు. చెంబుతో స్నానం, బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలకు తొలి కడుగు, ఇవి మా అమ్మ మదనపల్లెలో చేసినవే. అయినా ఆ 150 లీటర్లు పట్టుకోవడానికి చోటు దొరకదు. నాణెం వేస్తే 20 లీటర్ల శుద్ధజలం వచ్చే కేంద్రాలు తాగడానికి సరిపోతాయి, ట్యాంకు నింపడానికి మాత్రం పెట్రోలు బంకువాళ్ల దయమీద ఆధారపడాలి. కొందరు ఎంతో ఆదరంగా గొట్టం చేతికిస్తారు. కొందరు కుదరదంటారు, వారి బోరులో నీళ్లు ఎన్ని ఉన్నాయో వారికే తెలియాలి.

అన్నిటికంటే కష్టమైనదీ, ఎవరూ మాట్లాడనిదీ మరుగుదొడ్డి. మా బండిలో ఉన్నది 20 లీటర్ల పెట్టె ఉన్న మరుగుదొడ్డి, రెండు మూడు రోజులకు నిండుతుంది. బయటివైపు చిన్న తలుపు తీసి, ఆ పెట్టెను బయటికి లాగి, చిన్న చక్రాల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లి ఖాళీ చేయాలి. నేను తెల్లవారుజామున ఐదు గంటలకు, జనం లేవకముందే, దగ్గర్లోని ప్రజా శౌచాలయానికి వెళతాను. సిమెంటు మీద ఆ చక్రాలు చేసే చప్పుడుకు కుక్కలు లేస్తాయి. అక్కడ కాపలా ఉండే మనిషి కొన్నిచోట్ల పది రూపాయలు తీసుకుంటాడు, కొన్నిచోట్ల వంద అడుగుతాడు, కొన్నిచోట్ల అది ఏమిటో అర్థంకాక వెళ్లిపొమ్మంటాడు. అతని తప్పు లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. ఘాటైన రసాయనాలు వేస్తే సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని కరిగించే సూక్ష్మజీవులు చస్తాయని మేము ఎంజైమ్ పొడి మాత్రమే వాడతాం. వానకాలువలో పారబోసే పని ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు. కాని పెట్టె నిండి, నాలుగుచోట్ల కాదనిపించుకుని, ఐదోచోటు వెతుక్కుంటూ తిరిగిన రోజులు ఉన్నాయి. నా తరువాత ఈ దారి పట్టే యువకులందరూ ఆ ఐదోచోటు దాకా ఓపిక పడతారని నేను పూచీ పడలేను. చెరువుల నగరమని పేరు పొంది, ఆ చెరువుల్లోకి మురుగు చేరుతోందని ఏళ్ల తరబడి బాధపడుతున్న ఊరికి ఇది చిన్న విషయం కాదు.

రాత్రి నిలిపే చోటు గురించి జరిగినది ఒకటి చెబుతాను. నిరుడు నవంబరు ముసురులో మూడు రోజులు ఎండ మొహం చూడలేదు, బ్యాటరీ 22 శాతానికి వచ్చింది. నగరం తూర్పు అంచున ఒక కొత్త లేఅవుట్ బయట, ఎవరి గేటుకూ అడ్డం కాని ఖాళీచోట బండి నిలిపాం. రాత్రి పదిన్నరకు నా భార్య చారు అన్నం కలుపుతుండగా టార్చిలైటు వెలుగు కర్టెన్ మీద పడింది, తరువాత అద్దం మీద తట్టారు. ఆ లేఅవుట్ సంఘం వారు ఇద్దరు, గొడుగులతో. వయసు చూసి గౌరవంగానే మాట్లాడారు కాని, పది నిమిషాల్లో కదలాలన్నారు. నెల రోజుల క్రితం అక్కడ రెండు ఇళ్లలో దొంగతనాలు జరిగాయట. కలిపిన అన్నం మూతపెట్టి, వానలో 14 కిలోమీటర్లు నడిపి ఒక పెట్రోలు బంకు వెనుక నిలుపుకున్నాం. ఆ ఇద్దరి మీద నాకు కోపం లేదు, వారి భయం వారిది. "ఇక్కడ కాదు, అదుగో అక్కడికి వెళ్లండి" అని చూపడానికి వారికి ఒక చోటు తెలిసి ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు. అలాంటి చోటు లేనేలేదు.

చట్టం మాకు అడ్డం కాదు, అది కూడా చెప్పాలి. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్‌ను రవాణాయేతర వాహనాల జాబితాలో కేంద్రం ఏనాడో చేర్చింది. కారవాన్లు ఎలా కట్టాలో ఏఐఎస్-124 ప్రమాణాలు ఉన్నాయి. ఈ దారిలోకి రావాలనుకునే యువతీ యువకులను ఒక్కటే కోరుతున్నాను, పాత వ్యాను కొని, మంచం బిగించి, పైన ప్యానెళ్లు పెట్టేస్తే సరిపోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పులకు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనుమతి లేని బండికి ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గరే చిక్కులు మొదలవుతాయి.

చట్టంలో మేము ఇమడని చోట్లు మాత్రం కొన్ని ఉన్నాయి. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనం 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. రాష్ట్రాలు మారుతూ పనిచేసేవారి కోసం 2021లో రాష్ట్రం మారినా మార్చనక్కరలేని బీహెచ్ సిరీస్ నంబరు తెచ్చారు, కాని అది ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకుమించిన రాష్ట్రాల్లో కార్యాలయాలున్న సంస్థల సిబ్బందికి. పదవీ విరమణ చేసి తిరిగేవాడికి అందులో చోటు లేదు. చిరునామా కోసం మా ఆధార్‌లో అబ్బాయి ఇల్లు రాయించుకున్నాం, అబ్బాయి లేనివారు ఏం చేయాలి? ఓటు విషయంలో ఎన్నికల సంఘం పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఇల్లు లేని మనిషి ఓటుకు దరఖాస్తు పెట్టుకుంటే, అతను చెప్పిన చోట నిజంగా పడుకుంటున్నాడో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి చూసి వస్తారు. పడుకునే చోటే చిరునామా అని ఒక ప్రభుత్వ వ్యవస్థ ఒప్పుకుంది. మిగిలిన శాఖలు కూడా అలా ఆలోచించవచ్చు.

ఇది డబ్బున్నవారి ముచ్చట అని అనేవారు ఉంటారు. మా బండి ఖరీదు తక్కువ కాదు, నిజమే. అయితే రోడ్డు మీద బతుకు మాతో మొదలు కాలేదు. గంగిరెద్దుల వారు, బుడబుక్కల వారు, లంబాడీలు, ఇంకా ఎన్నో సంచార కులాల వారు తరతరాలుగా ఊరిచివర తోపులో దిగి, చెరువు నీళ్లు తాగి బతికారు. ఆ తోపులూ చెరువుగట్లూ ఇప్పుడు లేఅవుట్లయ్యాయి, వారికి గుడారం వేసే చోటు కరువైంది. లారీ డ్రైవర్ల అవస్థ వేరే చెప్పనక్కరలేదు. కాలినడకన కాశీకి పోయిన రోజుల్లో మన పెద్దలు దారి పొడవునా మజిలీలు చేసుకుంటూ వెళ్లారు, ప్రతి మజిలీలో నీళ్లూ నీడా ఉండేలా పుణ్యాత్ములు బావులు తవ్వించి సత్రాలు కట్టించారు. మెజెస్టిక్‌లో రైల్వేస్టేషను దగ్గరున్న గుబ్బి తోటదప్ప ఛత్రం ఇప్పటికీ ఊరుగాని ఊరివాళ్లకు నీడనిస్తోంది. నేను అడిగే మజిలీ లారీ డ్రైవరుకూ, సంచార కుటుంబానికీ కూడా పనికిరావాలి.

కొత్తగా భూమి సేకరించనక్కరలేదు. యశవంతపురంలో దేవరాజ్ అరసు ట్రక్ టెర్మినల్ ఉంది, దానిని నడిపేది కర్ణాటక ప్రభుత్వ సంస్థే. అలాంటి చోట ఒక మూల పది బండ్లకు గీతలు గీసి, ఒక కొళాయి పెట్టి, మురుగు గొట్టంలోకి నేరుగా పోయేలా మూత ఉన్న ఒక గుంట కట్టిస్తే పని అయిపోతుంది. ప్లగ్ పాయింట్లు వేయించనక్కరలేదు, కరెంటు మేము పైనే తెచ్చుకుంటాం. పెద్ద భవనాల నీడ, చెట్ల నీడ పడని మూల అయితే చాలు. రాత్రికి వంద రూపాయలో, రెండు వందలో రుసుము పెట్టండి, సంతోషంగా కడతాం. బండి నంబరు, మనిషి గుర్తింపు రాసుకోండి, అప్పుడు లేఅవుట్ వారికీ భయం ఉండదు, పోలీసులకూ ఎవరు ఎక్కడ ఉన్నారో తెలుస్తుంది. ఒక్కరే ఎన్నాళ్లూ పాతుకుపోకుండా మూడు రాత్రులో, వారమో గడువు పెట్టండి. కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు చుట్టూ నాలుగు దిక్కులా ఇలాంటివి నాలుగు పెట్టి చూడాలి. అటువైపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లేపాక్షి, కాణిపాకం, శ్రీశైలం దారుల్లో ఉన్న యాత్రికుల వాహన స్థలాల్లో ఒక కొళాయి, ఒక గుంట చేర్చినా మా వంటివారికీ, సొంత వాహనాల్లో వచ్చి రాత్రంతా అందులోనే కునుకు తీసే యాత్రికులకూ ఎంతో మేలు.

ఈ పనులకు సంబంధించిన శాఖల అధికారులు ఎవరైనా పరిశీలించదలచుకుంటే బండిని వారి కార్యాలయం ముందుకే తీసుకువస్తాం. మీటరు, బ్యాటరీ, నీళ్ల ట్యాంకు, ఆ పెట్టె, అన్నీ విప్పి చూపిస్తాం. మూడేళ్లుగా రోజువారీగా ఎన్ని యూనిట్లు వచ్చాయో, ఎన్ని లీటర్లు వాడామో, ఏ రాత్రి ఎక్కడ నిలిపామో, ఎక్కడ కాదన్నారో నా భార్య తేదీలతో రాసిపెట్టిన నోటుపుస్తకాలు నాలుగు ఉన్నాయి, అవి కూడా ఇస్తాం. ఈ పక్షం రోజులూ హోసకోట, చింతామణి మధ్యనే ఉంటాం.

భవదీయుడు,
పదవీ విరమణ పొందిన ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు,
బెంగళూరు

(పేరు, మా అబ్బాయి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు మీ కార్యాలయానికి విడిగా పంపాను.)